ఫ్లెమిష్ టేపెస్ట్రీని అంచు నుంచి చదవడం ఎలా?

పట్టుచీర చేతిలో పెడితే మా అమ్మమ్మ మధ్యలో ఉన్న బుటాలు చూసేది కాదు. ముందు అంచు చూసేది, తర్వాత చీరను తిరగేసి వెనకవైపు చూసేది, ఆ రెండూ అయ్యాకే ఇది ఫలానా ఊరి నేత, ఇందులో జరీ అసలుదా కాదా అని తేల్చేది. యూరప్ మ్యూజియాల్లో గోడంతా ఆక్రమించుకుని వేలాడే ఫ్లెమిష్ టేపెస్ట్రీలను (బొమ్మలు నేసిన గోడతెరలను) చూడ్డానికి కూడా ఇంతకంటే మంచి పద్ధతి నాకు దొరకలేదు. మధ్యలో ఉన్న పెద్ద బొమ్మ, డబ్బు పెట్టినవాడు జనం ఏం నమ్మాలనుకున్నాడో చెబుతుంది. అంచు, వెనకవైపు, వెలిసిపోయిన రంగు, ఎవరో కోసేసిన ముక్క మాత్రం వాడు చెప్పాలనుకోని సంగతులు కూడా చెప్పేస్తాయి.

మొదటిసారి ఇలాంటి గదిలోకి వెళ్లినప్పుడు నేను పావుగంటలో నలభై ఫోటోలు తీసి బయటపడ్డాను. ఇంటికొచ్చి చూస్తే అన్నీ చీకటి, గుర్తున్నది ఒక గుర్రం తోక. మీకు అలా కాకూడదని ఇది రాస్తున్నా.

ముందు రెండు మాటలు. ఫ్లాండర్స్ అంటే స్థూలంగా ఇప్పటి బెల్జియం వైపు. అరాస్, టూర్నే, బ్రూజ్, బ్రస్సెల్స్, ఔడెనార్డ్, ఆంట్వెర్ప్ లాంటి ఊళ్లన్నిటి నేతకీ కలిపి మనం వాడుకగా ఫ్లెమిష్ అనేస్తాం. నిజానికి టూర్నేలో మాట్లాడేది ఫ్రెంచి, బ్రస్సెల్స్ ఉన్నది బ్రబాంట్ అనే వేరే సంస్థానంలో, అరాస్ ఇప్పుడు ఫ్రాన్స్‌లో ఉంది. ఇటలీవాళ్లు టేపెస్ట్రీని ఇప్పటికీ అరాజ్జీ అనే అంటారు, అరాస్ ఊరి పేరు మీదనే. పోచంపల్లి అంటే ఊరా చీరా అన్నట్టన్నమాట.

మొదటి పని: అది నిజంగా టేపెస్ట్రీయేనా చూడండి

అందరూ పడే పొరపాటు బేయూ టేపెస్ట్రీతో. దాదాపు 70 మీటర్ల ఆ గుడ్డ మీద ఉన్నది నేత కాదు, సూదితో కుట్టిన ఎంబ్రాయిడరీ. అసలు టేపెస్ట్రీలో గుడ్డ వేరు, బొమ్మ వేరు కాదు, నేస్తుంటే నేస్తుంటే బొమ్మ పుడుతుంది. పడుగు (నిలువు దారాలు) మొత్తం రంగు వెయ్యని ఉన్ని. పేకలో (అడ్డం దారాల్లో) రంగురంగుల ఉన్ని, పట్టు, డబ్బున్నవాళ్ల కోసమైతే జరీ. ఒక్కో రంగు పేక ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లదు, ఆ రంగు ఎంతవరకు కావాలో అంతవరకే వెళ్లి వెనక్కి తిరుగుతుంది. ఉప్పాడ జాందానీలో బుటా కోసం చిన్న చిన్న కండెలు విడివిడిగా వేయడం చూసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. తేడా ఏంటంటే జాందానీలో కింద మామూలు పేక నడుస్తూనే ఉంటుంది, ఇక్కడ అదేం ఉండదు, బుటాలే గుడ్డ.

దగ్గరికెళ్లి (తాడు దాటకుండా!) చూడండి. సన్నటి గాడుల్లాంటి గీతలు అడ్డంగా వెళ్తూ కనిపిస్తాయి. అవే పడుగు దారాలు, పైన పేక కప్పేసింది కాబట్టి ఉబ్బు మాత్రమే కనబడుతుంది. మగ్గం మీద నిలువుగా సాగిన పడుగు ఇప్పుడు గోడ మీద అడ్డంగా ఉందంటే, బొమ్మను పక్కకి పడుకోబెట్టి నేశారని లెక్క. ఎనిమిది మీటర్ల వెడల్పు బొమ్మను నిలబెట్టి నేయాలంటే ఎనిమిది మీటర్ల మగ్గం కావాలి, పడుకోబెడితే నాలుగో ఐదో మీటర్ల మగ్గం చాలు. సాలెవాళ్లు వరసగా పక్కపక్కన కూర్చుని, ఒక సైనికుడిని పాదాల నుంచి కాకుండా పక్క నుంచి, సగం ముక్కు సగం చెవి చొప్పున నేసుకుంటూ పోయారు. ఈ సంగతి తెలిశాక మొహాల్లో ఆ భావాలు ఎలా తెచ్చారా అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

రెండో పని: అంచు చదవండి

కళ్లు మధ్యలోకి పోనివ్వకుండా కింది అంచుకి దించండి. పూలు, పళ్ల గుత్తులు ఉన్న వెడల్పు బోర్డరు కాదు, దానికీ బయట ఉండే సన్నటి ఒంటిరంగు పట్టీ, ఎక్కువగా ముదురు నీలం. అక్కడ ఒక ఎర్ర డాలు, దానికి అటూ ఇటూ రెండు బి అక్షరాలు కనిపిస్తే అది బ్రస్సెల్స్ నేత. 1528లో ఆ ఊరి పాలకులు ఈ గుర్తు తప్పనిసరి చేశారు, 1544లో ఐదో చార్లెస్ చక్రవర్తి శాసనంతో మిగతా ఊళ్లకీ గుర్తులు వచ్చాయి. ఆంట్వెర్ప్‌కి కోట, రెండు చేతులు. ఔడెనార్డ్ గుర్తులో కళ్లజోడు ఉంటుంది, నాకు అన్నిట్లోకీ నచ్చింది అదే. పక్క అంచులో ఇంకో పిచ్చిగీతలాంటి ముడి కనిపిస్తే అది ఆ కార్ఖానా యజమానిది.

గుర్తు తప్పనిసరి చేశారంటే నకిలీలు వస్తున్నాయనే కదా. ఒక ఊరి పేరుతో ఇంకో ఊరి సరుకు అమ్మడం, నేతలో రాని చోట తర్వాత రంగు పూసి కప్పేయడం, ఇవన్నీ అప్పుడూ ఉన్నాయి. చేనేత గుర్తు, జీఐ ట్యాగు గొడవలు తెలిసిన మనకి ఇది కొత్తేం కాదు. గుర్తు లేకపోతే కంగారు పడకండి, 1528కి ముందు నేసి ఉండొచ్చు, లేదా ఎవరో ఆ పట్టీ కోసేసి ఉండొచ్చు. లేబుల్ మీద సంవత్సరం చూస్తే ఏదో తెలిసిపోతుంది.

మూడో పని: డబ్బు ఎవరు పెట్టారు?

పై అంచు మధ్యలో, మూలల్లో రాజచిహ్నాలు వెతకండి. మెడలో వేలాడే గొర్రెచర్మం బొమ్మ కనిపిస్తే అది గోల్డెన్ ఫ్లీస్ కూటమి, బుర్గుండీ డ్యూక్ ఫిలిప్ 1430లో బ్రూజ్‌లో పెట్టింది. రెండు స్తంభాలు, వాటి మధ్య ‘ఇంకా ముందుకు’ అనే అర్థం వచ్చే మాట ఉంటే ఐదో చార్లెస్. ఎప్పుడూ దొరుకుతుందని మాత్రం అనుకోవద్దు. న్యూయార్క్ మెట్ మ్యూజియం వాళ్ల క్లాయిస్టర్స్‌లో ఉన్న ఏకశృంగి (ఒంటికొమ్ము గుర్రం, యూనికార్న్) వేట టేపెస్ట్రీల్లో ఏ, ఈ అనే అక్షరాలు తాడుతో ముడేసి మళ్లీ మళ్లీ కనిపిస్తాయి, అవి ఎవరివో పండితులు ఇప్పటికీ తేల్చలేదు.

డబ్బు సంగతి ఎందుకంటే, అప్పటి లెక్కలో అసలు వైభవం ఇదే. మనం ఇప్పుడు పెయింటింగ్ ముందు క్యూ కట్టి టేపెస్ట్రీని కర్టెన్‌లా దాటేస్తాం, వాళ్లు సరిగ్గా ఉల్టా. పోప్ పదో లియో సిస్టీన్ చాపెల్ కోసం రఫాయెల్‌తో బొమ్మలు గీయించి బ్రస్సెల్స్‌లో పీటర్ వాన్ ఆల్‌స్ట్ దగ్గర నేయించాడు. మొదటి ఏడు 1519 డిసెంబర్ 26న వేలాడదీశారు. ఆ టేపెస్ట్రీల మొత్తం ఖర్చు, అదే గదిలో మైకెలాంజెలోకి పైకప్పు కోసం ఇచ్చినదానికి సుమారు ఐదు రెట్లు అంటారు. ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ చనిపోయాక ఆస్తి లెక్క రాస్తే 2 వేలకు పైగా టేపెస్ట్రీలు తేలాయి. చుట్ట చుట్టి బండెక్కిస్తే రాజుతోపాటు వైభవం కూడా ఊరూరా తిరుగుతుంది, పైకప్పుకి ఆ సౌకర్యం లేదు.

నాలుగో పని: బట్టలు చూడండి, కథని కాసేపు పక్కన పెట్టండి

కథ ట్రాయ్ యుద్ధమైనా, బైబిల్ అయినా, మనుషుల ఒంటి మీద బట్టలు నేసిన కాలానివే. టోపీల ఎత్తు, చేతుల కోత, బూట్ల ముక్కులు, గుర్రం జీను, బల్ల మీద పాత్రలు, ఇవన్నీ ఆ సాలెవాడి వీధిలోవి. లేపాక్షి పైకప్పు చిత్రాల్లో పౌరాణిక కథలు చూస్తూ విజయనగర కాలపు చీరకట్టు తెలుసుకుంటాం కదా, అదే సూత్రం. విచిత్రంగా ఆ రెండూ దాదాపు ఒకే కాలానివి.

ఇక గడ్డి, పువ్వులు. వీటిని నిర్లక్ష్యం చేయకండి. 1476లో బ్రస్సెల్స్‌లో చిత్రకారుల సంఘం, సాలెవాళ్ల సంఘం కొట్టుకున్నంత పని చేశాయి. మా పని వీళ్లు చేసేసుకుంటున్నారని చిత్రకారుల ఫిర్యాదు. చివరికి కుదిరిన రాజీ ఏంటంటే చెట్లు, గడ్డి, జంతువులు, బట్టల మీద డిజైన్లు సాలెవాళ్లు సొంతంగా గీసుకోవచ్చు, మిగతావి మాత్రం చిత్రకారుడే గీయాలి. అంటే రాజుగారి మొహం చిత్రకారుడిది, ఆయన కాలి కింద కుందేలు సాలెవాడిది అయ్యే అవకాశం బాగా ఉంది. పేరు లేని మనిషి చెయ్యి కనబడాలంటే నేల వైపు చూడాలి. ఏకశృంగి టేపెస్ట్రీల్లో వందకు పైగా మొక్కల రకాలుంటే, ఎనభైకి పైగా వృక్షశాస్త్రవేత్తలు గుర్తుపట్టగలిగారు, అంత శ్రద్ధగా నేశారు.

ఐదో పని: కుడి ఎడమలు అనుమానించండి

నేతకి ముందు అసలు సైజులో కాగితం మీద గీసుకునే బొమ్మని కార్టూన్ అంటారు (పేపర్లో వచ్చేది కాదు). బ్రస్సెల్స్ మగ్గాల్లో దీన్ని పట్టీలుగా కోసి పడుగు కింద పెట్టేవాళ్లు, సాలెవాళ్లు వెనకవైపు నుంచి నేసేవాళ్లు. నేత దించి తిప్పితే బొమ్మ అద్దంలోలా తిరగబడుతుంది. ఎవరైనా సైనికుడు ఎడమచేత్తో కత్తి పట్టుకుంటే, వాడు ఎడమచేతివాటం అని చరిత్ర రాసేయకండి, చిత్రకారుడు తిప్పి గీయడం మర్చిపోయి ఉండొచ్చు. నగరం బొమ్మ ఉంటే మరీ జాగ్రత్త.

ఆరో పని: వెలిసిన రంగుని మనసులో సరిచేసుకోండి

గడ్డి నీలంగా ఉందా? నేసినప్పుడు అది పచ్చగానే ఉంది. నీలం మీద పసుపు అద్ది ఆకుపచ్చ తెచ్చేవాళ్లు, వెల్డ్ అనే మొక్క నుంచి తీసిన ఆ పసుపు వెలుతురుకి పోయింది, నీలం మిగిలింది. నల్ల గీతలు ఉండాల్సిన చోట చిల్లులు, అతుకులు కనిపిస్తే, ముదురు రంగు కోసం వాడిన ఇనుము ఉన్నిని తినేసిందని అర్థం. మసకగా బూడిదరంగులో ఉన్న చోట ఒకప్పుడు జరీ మెరిసి ఉండొచ్చు. పట్టుదారానికి బంగారు పూత పూసిన వెండి రేకు చుట్టినదే అదీ, మన జరీలాగే. కాబట్టి ఇప్పుడు మీకు కనిపించే ఆ పాతకాలపు మెత్తదనం ఎవరి ఉద్దేశమూ కాదు. గోడంతా పెళ్లిపందిరిలా ధగధగలాడాలనే నేయించుకున్నారు.

దీనికి ఒక చక్కటి సాక్ష్యం లండన్ వీ అండ్ ఏ మ్యూజియంలో ఉంది. రఫాయెల్ గీసిన కార్టూన్లలో చేపలు పట్టే దృశ్యంలో క్రీస్తు వస్త్రం తెల్లగా కనిపిస్తుంది. కింద నీళ్లలో ఆయన నీడ చూడండి, ఎర్రగా ఉంటుంది. బట్టకి వేసిన ఎరుపు ఎగిరిపోయింది, నీడకి వేసింది నిలబడింది. నేను అక్కడ ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలీదు.

1998లో ఏకశృంగి టేపెస్ట్రీల వెనక అస్తరు విప్పినప్పుడు, వెలుతురు తగలని ఆ వైపు రంగులు చూసి మ్యూజియం వాళ్లే అదిరిపోయారు. ముక్కలు ముక్కలుగా ఫోటోలు తీసి కంప్యూటర్లో అతికిద్దామంటే ఒకదానికొకటి కుదరలేదు. వందల ఏళ్లు వేలాడి, నేల మీద పరిచేసరికి దారాలు సర్దుకుంటూ ఫోటోకి ఫోటోకి మధ్య కదిలాయట. చివరికి చుద్నోవ్‌స్కీ సోదరులనే గణితవేత్తలు లెక్కలు కట్టి అతికించారు. అమ్మమ్మ చీర తిరగేసింది ఊరికే కాదు.

ఏడో పని: ఇప్పుడు మధ్యలోకి రండి. బొమ్మ గీసినవాడు అక్కడ ఉన్నాడా?

ఇది అన్నిటికన్నా ముఖ్యం. రెండు ఉదాహరణలు పక్కపక్కన పెట్టుకుంటే పద్ధతి పట్టుబడుతుంది.

నేపుల్స్‌లోని కాపొదిమోంతె మ్యూజియంలో పావియా యుద్ధం మీద ఏడు టేపెస్ట్రీలున్నాయి. 1525 ఫిబ్రవరి 24న ఐదో చార్లెస్ చక్రవర్తి సైన్యం ఫ్రాన్స్ రాజు మొదటి ఫ్రాన్సిస్‌ని ఏకంగా బందీగా పట్టుకున్న యుద్ధం అది. ఆ రోజు చార్లెస్ ఇరవై అయిదో పుట్టినరోజు, ఆయన యుద్ధంలో లేడు, స్పెయిన్‌లో ఉన్నాడు. బొమ్మలు గీసిన బెర్నార్డ్ వాన్ ఓర్లే బ్రస్సెల్స్ మనిషి, ఆయన గీసింది కంటితో చూసిన యుద్ధం కాదు. 1531లో నెదర్లాండ్స్ ప్రతినిధుల సభ ఈ ఏడింటినీ చక్రవర్తికి కానుకగా ఇచ్చింది. ఈలోగా ఏం జరిగిందంటే ఫ్రాన్సిస్ సంధి మీద సంతకం పెట్టి, విడుదలై, ఇంటికెళ్లాక ఆ సంధి చెల్లదు పొమ్మన్నాడు. అప్పుడు ఫ్రాన్సిస్ పట్టుబడ్డ క్షణాన్ని గోడంత సైజులో నేసి ఇవ్వడమంటే ఏంటో వేరే చెప్పక్కర్లేదు. కొందరు సేనానుల పేర్లు బట్టల మీద, ఆయుధాల మీద నేసి ఉంటాయి, ఎవరినీ పొరబడకూడదని.

కానీ అదే వరుసలో ఫ్రెంచి శిబిరం చెల్లాచెదురైన టేపెస్ట్రీ ముందు ఎక్కువసేపు నిలబడండి. అందులో పారిపోతున్నది ఆడవాళ్లు, సామాన్లు మోసే మామూలు జనం. సైన్యం వెనక ఇంత జనం బతుకు వెళ్లదీస్తుందని యుద్ధ వర్ణనలు సాధారణంగా రెండు ముక్కల్లో తేల్చేస్తాయి. గెలుపు ఎంత పెద్దదో చూపించడానికి వాళ్లని పెట్టారు, మనకి మాత్రం ఒక శిబిరం కడుపులో ఏముంటుందో కనిపిస్తుంది.

రెండోది ట్యునీషియా దండయాత్ర, 1535. ఈసారి చార్లెస్ తనే వెళ్లాడు, వెంట యాన్ వెర్మెయెన్ అనే చిత్రకారుణ్ణి తీసుకెళ్లాడు. ఈయన గడ్డం ఎంత పొడుగంటే స్పెయిన్‌వాళ్లు పొడుగు గడ్డపాయన అనే పిలిచేవాళ్లు. ఆ గడ్డంతోనే తన బొమ్మ కూడా టేపెస్ట్రీలో పెట్టుకున్నాడు, నేను చూశాను, నేను సాక్షిని అన్నట్టు. 1548 నుంచి 1554 దాకా బ్రస్సెల్స్‌లో విలెం ద పాన్నెమేకర్ 12 టేపెస్ట్రీలు నేయించాడు. పై అంచులో స్పానిష్‌లో, కింద లాటిన్‌లో కథ రాసి ఉంటుంది. మొదటిది మ్యాపు, అందులో ఆఫ్రికా పైన, యూరప్ కింద. తప్పు కాదు, బార్సిలోనా నుంచి దక్షిణం వైపు చూస్తున్నట్టు గీశారు, ఎక్కడ నిలబడి చూడాలో ఆ రాతలోనే చెప్పారు కూడా.

ప్రత్యక్ష సాక్షి గీశాడు కాబట్టి అంతా నిజమేనా? అక్కడే మీరు ఆగాలి. చక్రవర్తి జీతమిచ్చిన సాక్షి ఈయన. దండయాత్రకీ నేతకీ మధ్య పదమూడేళ్లు. అయితే ట్యూనిస్‌ని దోచుకున్న రోజుకి కూడా ఒక టేపెస్ట్రీ ఉంది, దాచలేదు. దాచాల్సిన సంగతి అని వాళ్లకి అనిపించలేదన్నమాట, నాకైతే యుద్ధం బొమ్మలన్నిటికంటే ఆ ఒక్క విషయమే ఆ కాలం గురించి ఎక్కువ చెప్పింది. ఒక హెచ్చరిక: సెవిల్ రాజభవనంలో టూరిస్టులు చూసేవి 18వ శతాబ్దంలో మాడ్రిడ్‌లో నేసిన నకళ్లు. మ్యాపు చూడ్డానికి అవీ బాగానే పనికొస్తాయి, రంగుల గురించి మాత్రం వాటిని చూసి మాట్లాడకండి. వెర్మెయెన్ కార్టూన్లు వియన్నాలో ఉన్నాయి.

ఎనిమిదో పని, ఇది మనవాళ్ల కోసం: ఇండియా ఎక్కడుందో వెతకండి. వాస్కో డ గామా వచ్చి వెళ్లిన కొద్ది ఏళ్లకే టూర్నేలో ‘పోర్చుగల్, ఇండియా పద్ధతి’ అని ఒక వరుస నేసి అమ్మడం మొదలెట్టారు. అందులో జిరాఫీల బిడారు కూడా ఉంటుంది! ఇండియాలో జిరాఫీ ఏంటని నవ్వేసి వదిలేయకండి, వాళ్లకి ఇండియా అంటే సముద్రం అవతల ఉన్న వింతలన్నీ కలిపి ఒకే ఊరు. వియన్నాలో ఉన్న జొవావ్ ద కాస్ట్రో (ఇండియాలో పోర్చుగీసు గవర్నరు) వరుస వేరే రకం, 1546 డయ్యూ ముట్టడి, ఆ తర్వాత గోవాలో ఊరేగింపు, చూపించింది నిజంగా జరిగిన ఘటనలే. ఈ రెండూ ఆన్‌లైన్‌లో తెరిచి ఏనుగులు, మనుషుల తలపాగాలు, ఇళ్ల కప్పులు పోల్చుకుంటూ పోండి. ఏది ఎవరో చెప్పగా గీశారు, ఏది ఊహించి నింపారు అనేది మనవాళ్లకి తొందరగా తెలుస్తుంది.

తొమ్మిదో పని: గాయాలు లెక్కపెట్టండి

1527లో రోమ్‌ని సైనికులు దోచుకున్నప్పుడు రఫాయెల్ టేపెస్ట్రీలు కూడా పోయాయి, తర్వాత తిరిగొచ్చాయి గానీ బైబిల్లోని ఎలిమాస్ అనే మాంత్రికుడు గుడ్డివాడయ్యే దృశ్యం కింది సగం లేకుండా వచ్చింది. 1797లో ఫ్రాన్స్‌లో అక్కడి ప్రభుత్వమే రాజుల నాటి టేపెస్ట్రీలను తగలబెట్టి జరీలో ఉన్న బంగారం, వెండి తీసుకుంది. పాత పట్టుచీరలు కాల్చి వెండి తీసేవాళ్లని చూసిన కళ్లకి ఇది వేరేగా చెప్పాలా. ఏకశృంగి టేపెస్ట్రీలు ఫ్రెంచి విప్లవం తర్వాత ఒక పల్లెలో బంగాళాదుంపల మీద కప్పడానికి వాడారు. బెర్న్ మ్యూజియంలో వేలపూల టేపెస్ట్రీ ఒకటుంది, 1466లో ఆ బుర్గుండీ ఫిలిప్ డ్యూక్ కోసం నేసింది. స్విట్జర్లాండ్‌లో ఎందుకుందంటే ఆయన కొడుకు చార్లెస్ (ఐదో చార్లెస్ కాదు) స్విస్‌వాళ్ల చేతిలో ఓడిపోయి సామానంతా వదిలేసి పారిపోయాడు కాబట్టి. లేబుల్ మీద ‘ఎవరి దగ్గర నుంచి వచ్చింది’ అనే చిన్న అక్షరాల లైను ఫోటో తీసుకోండి, బొమ్మ ఫోటోకన్నా అది పనికొస్తుంది.

పెయింటింగ్స్‌కి కూడా ఇదే చేయొచ్చు. బ్రూగెల్ గీసిన పసిపిల్లల ఊచకోత బొమ్మ ఇంగ్లండ్ రాజకుటుంబం సేకరణలో ఉంది. అది రెండో రుడాల్ఫ్ చక్రవర్తి దగ్గరున్నప్పుడు చంపబడుతున్న పిల్లల మీద రంగు వేయించి మూటలుగా, జంతువులుగా మార్చేశారు. ఇప్పుడు చూస్తే ఒక తల్లి మూట కోసం గుండెలు బాదుకుంటున్నట్టుంటుంది.

ఇక వెళ్లేముందు. గది చీకటిగా ఉంటుంది, బట్టల మీద వెలుతురు 50 లక్స్‌కి మించనివ్వరు, కాబట్టి లోపలికెళ్లి ఐదు నిమిషాలు బెంచీ మీద కూర్చుంటే కళ్లు అలవాటు పడతాయి. ఫ్లాష్ వద్దు. రోజుకి రెండు టేపెస్ట్రీలు చాలు, మూడోదానికొచ్చేసరికి అన్నీ గుర్రాలే అనిపిస్తాయి. చిన్న బైనాక్యులర్ ఉంటే పై అంచులో రాతలు, చిహ్నాలు చదవొచ్చు. వెళ్లే వీలు లేనివాళ్లు న్యూయార్క్ మెట్ మ్యూజియం సైట్‌లో ఏకశృంగి టేపెస్ట్రీలు తెరిచి, జూమ్ చేసి, కింది ఎడమ మూల నుంచి మొదలుపెట్టండి. మొహాల దాకా రావడానికి కనీసం ఇరవై నిమిషాలు పట్టాలి, అంతకంటే ముందే వచ్చేస్తే కుందేళ్లు చూడలేదన్నమాట, మళ్లీ వెనక్కి వెళ్లండి.